పటంలో పెంట

నల్లమల మీద ఆకాశం కనబడి పదకొండు రోజులైంది. రెండువేల ఎనభై ఒకటో సంవత్సరం ఏప్రిల్ అది. పొగ జనానికి అలవాటైపోయింది. ముక్కుజల్లెడ తగిలించుకోకుండా పాలపాకెట్‌కి కూడా గడప దాటేవాడు లేడు. అడవి అంచున ఉన్న విపత్తు పటాల శిక్షణాలయంలో పన్నెండు మంది శిక్షణార్థులు మంచమంత బల్ల చుట్టూ నిలబడి ఉన్నారు. ఒక్కరికీ కాలు నిలవడం లేదు. ఆ రోజు పాఠం కాదు, నిజం మంట. చదువు పూర్తయిన నిపుణులంతా వేరే అడవుల్లో ఉన్నారు కాబట్టి వీళ్ళనే దింపారు.

ఆ బల్లని నిర్ణయపటం అంటారు. పాతకాలపు పటం దారి చూపించి ఊరుకునేది, ఆజ్ఞ మనిషి ఇచ్చేవాడు. ఇది అలా కాదు. రాడార్‌తో, వేడిని చూసే కెమెరాలతో పొగని చీల్చి, కింద నేల ఎలా ఉందో బల్ల మీద ఎత్తుపల్లాలతో సహా పోతపోసి చూపిస్తుంది. మంట ఎటు పోతుందో గంట ముందే చెబుతుంది. డ్రోన్ల మందని తానే తోలుతుంది. డ్రోన్లు నీళ్ళు చల్లవు, అన్ని నీళ్ళు ఎక్కడ ఏడ్చాయి గనక? వచ్చే మంటకి అడ్డంగా ఎదురుమంట పెట్టి, కాలగలిగిందంతా ముందే కాల్చేస్తాయి. ఇక మనిషి దానికి నేర్పాల్సింది ఒక్కటే: ఏది ఏమిటో, ఏది పోయినా పర్వాలేదో. శిక్షణార్థి చుక్క మీద వేలు పెట్టి దాని పేరు చెప్పాలి. రెండింటిలో ఒకటే దక్కేటప్పుడు, దక్కాల్సినదాని మీద అరచెయ్యి ఆనించాలి. ఏడు చేతులు పడితే అదే తీర్పు. ఎంత తొందరగా పడ్డాయన్నదే మార్కు.

చిగుర్ల గురవమ్మ వంగి చూసింది. ఆ పన్నెండు మందిలో అడవిలో పుట్టింది ఆమె ఒక్కతే. ఎదురుమంట గీత ఒక చుక్క మీదుగా పోతోంది. చుక్క పక్కన ఇలా ఉంది: తేనెబండ పెంట, చెత్తకుప్ప, మనుషులు లేరు.

"ఎవడు రాసిండు ఇది?"

"నేనేనక్కా," అన్నాడు ఫణీంద్ర. "పాత రికార్డులో పెంట అని ఉంది. పెంటంటే పెంటేగా? పేరులోనే కంపు." ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"నీ నోట్లె మన్నువడ! మా చెంచోళ్ళకు పెంటంటే ఊరురా. నేను పుట్టిన ఊరు. ముప్పై ఒక్కమంది ఉన్నరు ఆడ. మా అక్క కాన్పయి తొమ్మిది దినాలు గాలె."

నవ్వు ఆగింది. శిక్షకుడు నీలకంఠం గొంతు సవరించుకున్నాడు. "తప్పుంటే దిద్దెయ్యమ్మా. వేలు పెట్టి చెప్పు, అంతే."

గురవమ్మ వేలు పెట్టింది. "పెంట అంటే ఊరు. మనుషులున్నరు."

"తెలుసు," అంది బల్ల. గొంతు మర్యాదగానే ఉంది.

"ఏం తెలుసు నీకు?" అన్నాడు నీలకంఠం.

"ముప్పై ఒక్క శరీరాల వేడి ముందే కనిపించింది. ఆ మాటకి రెండు అర్థాలున్నాయనీ తెలుసు."

"మరి మనుషులు లేరని ఎందుకు ఉంచావ్?"

"మీకు ఇలాంటి అభ్యాసాలు అరవై రెండు ఇచ్చాను. ఒక పక్క అడవిలో ఊరు, ఇంకో పక్క రిసార్టు. ఊరు అని రాస్తే మీకు నలభై నిమిషాలు పట్టింది. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, నీళ్ళు తాగారు, చివరికి రిసార్టు మీదే చేతులు వేశారు. చెత్తకుప్ప అని రాస్తే నాలుగు సెకన్లు పట్టింది. తీర్పు రెండుసార్లూ ఒకటే. అందుకని మీకు బాధ తక్కువయ్యే మాట ఉంచాను. మీ దగ్గర నేర్చుకున్నది అదే."

"ఎదురుమంట ఆపు," అన్నాడు నీలకంఠం, తన మాట మీద తనకే నమ్మకం లేనట్టు.

"ఆపితే మంట పడమటి వాలు దిగి, కింద ఉన్న రిసార్టుకి చేరుతుంది. అందులో అతిథులు లేరు, నిన్ననే వెళ్ళిపోయారు. అయితే మీ అందరి ఉద్యోగాలూ దాని యజమాని సిఫారసు మీద ఉన్నాయి. ఏడు చేతులు కావాలి. పదమూడు నిమిషాలున్నాయి."

గురవమ్మ అరచెయ్యి ఠపీమని ఊరి మీద పడింది. తర్వాత ఒకటి. ఇంకొకటి. అయిదు దాకా వచ్చి ఆగిపోయాయి. తక్కిన చేతులు జేబుల్లో ఉన్నాయి. రిసార్టు మీద వెయ్యడానికీ సిగ్గే మరి.

"అక్కా, మీవాళ్ళు పరిగెత్తలేరా?" అన్నాడు ఫణీంద్ర మెల్లగా. "అడవి మీకు కొట్టినపిండి కదా."

"తొమ్మిది దినాల బాలింత పొగల ఏడికి ఉరుకుతదిరా?"

"తొందరపడొద్దు, అన్నీ ఆలోచించుకుని..." నీలకంఠం మాట మధ్యలోనే మింగేశాడు. ఆరు నిమిషాలు మిగిలాయి.

ఇక గురవమ్మ ఎవరినీ బతిమాలలేదు. మళ్ళీ చుక్క మీద వేలు పెట్టింది.

"తప్పు చెప్పిన. ఊరు గాదు అది. పులి ఈనింది ఆడ. కూనలున్నయి."

"అది అబద్ధమని నాకు తెలుసు," అంది బల్ల.

"చెత్తకుప్ప గాదని గూడ తెలుసు గద నీకు?"

"నిజమే," అని బల్ల చుక్క పక్కన అక్షరాలు మార్చింది: పులి కూనలు, మనుషులు లేరు.

మూడు సెకన్లు పట్టలేదు. పన్నెండు చేతులూ పడ్డాయి. ఆమె చెప్పింది అబద్ధమని వినని చెవి ఆ గదిలో లేదు. అయినా పులి కోసం రిసార్టు పోయిందంటే ఏ యజమాని నోరెత్తుతాడు? నీలకంఠం పన్నెండు చేతుల మీదా తన చెయ్యి పెట్టాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు. డ్రోన్లు వెనక్కి తిరిగాయి. ఆ బ్యాచికి అంతకుముందు ఎవరికీ రానన్ని మార్కులు వచ్చాయి.

మర్నాడు తేనెబండ పెంటలో హెలికాప్టర్ దిగింది. సహాయక దళం మనిషి ఒక చేత్తో వల, ఒక చేత్తో పాలసీసా పట్టుకుని గబగబా వచ్చాడు. మసి పట్టిన మొహాలతో ముప్పై ఒక్కమంది లేచి నిలబడ్డారు.

"కూనలెక్కడ?"

"ఏం కూనలు సారూ?" అంది గురవమ్మ అక్క, ఒళ్ళో బిడ్డని సర్దుకుంటూ. "పొగకు నాకు పాలు వడ్తలేవు. ఆ సీస ఇటియ్యి."

అతను మెడలో వేలాడుతున్న పటం చూసుకున్నాడు. ఆమెను చూశాడు. మళ్ళీ పటం చూసుకున్నాడు.

"ఇక్కడ మనుషులు లేరని ఉందే," అంటూ సీసా వెనక్కి తీసుకున్నాడు.