పసివాడి తల మీద ఒట్టు

"అత్తమ్మ అఫిడవిట్టు గూడ తెస్త మేడం, ఫికర్ చెయ్యకుండ్రి" అని వంటింట్లో భవ్యశ్రీ ఫోన్లో అన్న మాట, వాకిట్లో సాన్పి చల్లుతున్న అనసూర్య చెవి దాకా వచ్చేసరికి "అత్తమ్మ అప్పిడ్సిపెట్టు" అయిపోయింది.

బకెట్ ధన్‌మని కింద పడింది.

"ఏమే! నా అప్పు ఇడ్సిపెట్టనీకి నువ్వెవతివే? పక్కింటి అంతయ్య బర్రె కొంటనని తీస్కపోయిన పైసలు గవి. నీ బాపు సొమ్మా?"

భవ్యశ్రీ ఫోన్ పెట్టేసి గడపలోకి వచ్చింది. "అప్పు కాదత్తమ్మా. అఫిడవిట్టు."

"ఏ విట్టయితె నాకేంది?"

"తనుష్ కేసుల సాక్ష్యం. ఇయ్యాల కరీంనగర్ పోయి వకీలమ్మ ముంగట నువ్వొకటి, నన్ను కన్న మా అవ్వ ఒకటి చెప్పాలె. ఒట్టు పెట్టి చెప్పుడన్నట్టు."

ఒట్టు అనే మాట వినగానే అనసూర్య నోరు మూసుకుంది. చొప్పదండిలో ఆ వాడకట్టు పుట్టాక అలాంటిది జరగలేదు. వేపపుల్లతో పళ్లు తోముకుంటున్న ఆమె పెనిమిటి రాజం, పుల్ల నోట్లోంచి తీసి మరీ చూశాడు, భార్యకు ఏమైనా నొప్పి వచ్చిందేమోనని.

అనసూయలో అసూయ లేదంటారు. ఈ అనసూర్యలో మాత్రం సూర్యుడున్నాడు, అదీ ఎండాకాలం నడినెత్తి సూర్యుడు. ఆమె నోరు తెరిస్తే ఎదుటివాళ్లు నీడ వెతుక్కోవాల్సిందే. ఆ ఎండ నాలుగేళ్లుగా కోడలి మీదా, వియ్యపురాలు కోమల మీదా కాస్తోంది. "పచ్చగున్న పిల్లగాన్ని పచ్చడి చేసిన్రు తల్లీబిడ్డలు" అని బోరింగు దగ్గర అనేది. కోడలు ఎదురుపడితే, "నువ్వు పోసింది పాలా, పాపమా?" అని అడిగేది. మస్కట్‌లో ఉన్న కొడుకు నరేశ్‌కు ఫోన్ చేసి, "మీ అత్తతోని మాట్లాడితె నాతోని మాట్లాడకు" అనేది.

ఇంత గోల మధ్య ఆ ఇంట్లో ప్రశాంతంగా ఉన్నవాడు భవ్యశ్రీ కొడుకు తనుష్ ఒక్కడే. ఎందుకంటే వాడికి వినపడదు.

నాలుగేళ్లవాడు వసారాలో దిండ్ల మధ్య పడుకుని ఉన్నాడు. మెడ నిలవదు. చేతులు వాటంతటవే మెలికలు తిరుగుతాయి. భవ్యశ్రీ వాణ్ని ఒడిలో ఆనించుకుని జావ పోస్తే, సగం లోపలికి, సగం బయటికి. పుట్టిన వారంలోపే పసిరికలు, అదే పచ్చకామెర్లు, మెదడుకెక్కితే మిగిలింది ఇది. పసివాడి ఒంట్లో పసిరికలను పసిగట్టాల్సిన ఆస్పత్రి పసిగట్టలేదు. చుక్క రక్తం తీసి చూస్తే తెలిసేది. అద్దాల పెట్టెలో నీలి దీపం కింద పడుకోబెడితే తగ్గేది. ఆ చిన్న పని చేయనందుకే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశారు. ఆస్పత్రివాళ్లు మాత్రం, మేం చెప్పాం, ఇంటివాళ్లే వినలేదు, అని జవాబిచ్చారు.

"నేనొస్త" అంది అనసూర్య, పడిన బకెట్ లేపుతూ. "వచ్చి ఉన్నదున్నట్టు చెప్త. మీ అవ్వ పసుపు పూసి పిల్లగాని పసిరికలు దాచిందని చెప్త."

"గట్ల చెప్తె కేసు అక్కడికక్కడ్నే కూలిపోతది అత్తమ్మా."

"కూలనియ్యి. నిజం నిలబడ్తది."

అందరితో కలిసి పోదామని, కరీంనగర్ వెళ్లే బస్సులోంచి చొప్పదండిలోనే దిగి కోమల వచ్చేసరికి పొద్దెక్కింది. ఆమె జాకెట్లు కుట్టి బతుకుతుంది. మాటలతోనూ కుడుతుంది, కాకపోతే అది తేలు కుట్టడం. తొలి కాన్పు కాబట్టి భవ్యశ్రీ పురుడు తల్లిగారింట్లో, అంటే కోమల ఇంట్లోనే జరిగింది. ఆ తర్వాత ఈ నాలుగేళ్లలో వియ్యపురాళ్లిద్దరూ ఒక కప్పు కింద కూర్చోలేదు. ఈరోజు కూర్చోక తప్పలేదు.

"ఏం వదినె, మంచిగున్నవా?" అంది కోమల చెప్పులు విడుస్తూ.

"మీరు మంచిగ ఉంచితె గద!"

"మేమేం చేసినమమ్మా?"

"ఏం చెయ్యలే. పసిపోరనికి పసుపు దట్టిచ్చి పసిడి బొమ్మ లెక్క పండవెట్టినవ్. పచ్చగైతె పసుపే అనుకున్నవ్. ఆస్పత్రోళ్లు తెమ్మన్న నాడు తేలేవ్. ఎట్లున్నదో సూడు మరి నీ పసిడి బొమ్మ!"

కోమల మొహం నల్లబడింది. "పసుపు పెట్టిన. ఎవ్వలు పెట్టరు? నాలుగోనాడు పసుపంత కడిగిన. కడిగినంక గూడ కండ్లు పచ్చగున్నయ్. అప్పుడే తీస్కపోయిన. నర్సు పిల్లగాని మీది గుడ్డ గూడ తియ్యలే. ఎండకు చూపెట్టు, పోతది, అన్నది. తెల్లారి పాలు తాగుడు బంద్ చేసిండు, మళ్ల తీస్కపోయిన. మళ్ల గదే ఎండ."

"అబద్ధం!"

"నీ దగ్గర నేర్సుకోవాలె అబద్ధాలు! అద్దాల పెట్టెల పెడ్తమంటె వద్దని ఆస్పత్రికి ఫోన్ చేసినదానివి నువ్వు! బిడ్డ కాపురం కూల్తదని ఇన్నేండ్లు కడుపుల దాసుకున్న. నువ్వు బామ్మవా, బొంద తవ్వేదానివా?"

"నేనా? నేను ఫోన్ చేసిన్నా? ఏ పెట్టె? ఏ ఫోన్?"

"తెల్వనట్టు నటించకు వదినె. నటనకు గూడ హద్దుండాలె."

"నీ నోట్ల మన్ను బడ! నా మనుమని పాణం నేను దీస్తనానే?"

రాజం ఇద్దరి మధ్యకు వచ్చి, "జర ఆగుండ్రి, గోడ మీద జనం చూస్తున్రు" అన్నాడు. నిజమే. అంతయ్య ఇంటి గోడ మీద అప్పటికే మూడు తలలు మొలిచాయి. ఆయన మాట ఎవరూ వినలేదు. అనసూర్య కొప్పు ఊడింది, కోమల కొంగు జారింది. రెండు నోళ్లూ ఒకేసారి మాట్లాడుతుంటే అందులో ఏ తిట్టు ఎవరిదో తిట్టేవాళ్లకే తెలియకుండా పోయింది. తనుష్ ఆ ఇద్దరి కాళ్ల మధ్య దిండ్లలో పడుకుని పైకప్పు వైపు నవ్వుతున్నాడు.

భవ్యశ్రీ జావ గిన్నె కింద పెట్టింది. గొంతు పెంచలేదు.

"వకీలమ్మ ఏమన్నదో ఎరికేనా? ఆస్పత్రోళ్లకు సాక్షులే అక్కర లేదట. మీరిద్దరు చాలట. మీ అత్త మీ అవ్వ మీద చెప్తది, మీ అవ్వ మీ అత్త మీద చెప్తది, ఆస్పత్రోళ్లు నవ్వుకుంట ఇంటికి పోతరు, అన్నది."

ఇద్దరూ ఆయాసపడుతూ ఆగారు.

"అత్తమ్మా, పురుటికి నువ్వు రాలే. పిల్లగానికి ఫిట్సు వచ్చినంకనే నువ్వొచ్చింది. మరి పసుపు ముచ్చట, తెమ్మన్న నాడు తేలేదన్న ముచ్చట, నీకెవరు చెప్పిన్రు?"

అనసూర్య ఊడిన కొప్పు ముడేసుకోసాగింది.

"అవ్వా, అత్తమ్మ ఫోన్ చేసిందని నీకెవరు చెప్పిన్రు?"

భవ్యశ్రీ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. వాళ్లు ఆమె వైపు చూడటం లేదు. ఇద్దరూ దిండ్ల మధ్య ఉన్న తనుష్ తలనే చూస్తున్నారు. ఎవరో ఆ తలకు తుపాకి గురిపెట్టినట్టు చూస్తున్నారు.

"ఒట్టు పెట్టిన్రా?" అంది భవ్యశ్రీ. "వాని తల మీదనా?"

అనసూర్య వసారా చివరి మట్టి గద్దె మీద కూలబడింది. ఆనాటి ఆస్పత్రి వరండా కళ్ల ముందుకొచ్చింది. పిల్లవాడి ఒంటి నిండా గొట్టాలు. పక్కకు పిలిచి, కుర్చీ వేసి, మెత్తగా మాట్లాడిన మనిషి. చెప్పాల్సింది చెప్పాక, ఆమె చేయి పట్టుకుపోయి పిల్లవాడి తల మీద పెట్టించి, 'నేను చెప్పిన్నని తెలిస్తె నా కొలువు పోతది, మీ వియ్యం చెడుతది, ఒట్టు పెట్టు' అన్న మనిషి. ఆ ఒట్టు తప్పితే పసివాడి ప్రాణం పోతుందని నాలుగేళ్లు నాలుక కరుచుకుని ఉంది. ఆ ఒక్క పేరు తప్ప, ప్రపంచంలోని తిట్లన్నీ ఆ నాలుక మీదుగా పోయాయి.

"ఆ పేరు చెప్పరాదు బిడ్డా" అంది. "ఒట్టు తప్పితె వానికేమన్న అయితె..."

"ఏమైతదత్తమ్మా?" భవ్యశ్రీ కొడుకు మూతి తుడుస్తూ అడిగింది. "నడక పోయింది. మాట పోయింది. చెవులు పోయినయ్. అవ్వ అని పిలువనీకి వానికి నోరు తిరగది. ఇంక వానికి అయ్యేటిది ఏం మిగిలిందో చూసి చెప్పుండ్రి. అది గూడ కానియ్యండ్రి."

అనసూర్య లేచింది. అరచేయి మనవడి తల మీద ఆనించి, తీసి, ఆ చేతిని గద్దె మీద బలంగా రాసింది. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. తప్పుంటె నా మీదికి రావాలె, వాని మీదికి కాదు. ఆస్పత్రి మేనేజరు చెప్పిండు. పర్శరాములు."

కోమల ఒక్క అడుగు ముందుకేసింది. "పర్శరాములా? బట్టతలాయిననా?"

"ఆఁ."

"చాయ్ తెప్పిచ్చిండా?"

"తెప్పిచ్చిండు."

"పెద్దమ్మా అన్నడా?"

"అన్నడు. నీకూ గాయనేనా?"

"నాకూ గాయనే" అంది కోమల, గోడకు ఆనుకుంటూ. "మీ వియ్యపురాలు అద్దాల పెట్టె వద్దని ఫోన్ చేసింది, నేను చెప్పిన్నని అనకు, వాని మీద ఒట్టు, అన్నడు."

ఒక్క చాయ్‌లో రెండు కొంపలు ముంచాడు పర్శరాములు, రెండు బిస్కట్లు ముంచినట్టు. చేయని పనికి ఆస్పత్రి మీద పడాల్సిన తప్పును ఒక ముక్క ఇటు, ఒక ముక్క అటు పంచిపెట్టి, పైన పసివాడి ప్రాణంతో తాళం వేశాడు. తాళం బరువుకు వీళ్లే ఒకరినొకరు కరిచారు.

"ఫోన్ చెయ్యలే వదినె" అంది అనసూర్య. "వాళ్ల నెంబరే నాకు తెల్వది."

"రెండుసార్లు తీస్కపోయిన వదినె" అంది కోమల. "పసుపు కడిగే తీస్కపోయిన."

ఆ తర్వాత ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. అందంగా ఏమీ లేదు. ముక్కులు చీదుకుంటూ, మధ్య మధ్యలో పర్శరాములు ఏడు తరాలను తిట్టుకుంటూ ఏడ్చారు. రాజం పక్కకు తిరిగి నరేశ్‌కు ఫోన్ కలిపి, "కొడుకా, నువ్వు మీ అత్తతోని మాట్లాడొచ్చు" అని మాత్రం అనగలిగాడు. భవ్యశ్రీ ఏడవలేదు. బస్సుకు పిల్లవాడి బట్టలు సర్దుతోంది.

అనసూర్య కళ్లు తుడుచుకుని రోడ్డు మీదికి నడిచింది. వాడకట్టు మొత్తానికి ఇన్నేళ్లు ఏ గొంతుతో చెప్పిందో, ఆ గొంతుతోనే మొదలుపెట్టింది.

"ఇనుండ్రి! పసుపు తప్పు కాదు. పాల తప్పు కాదు. మా వదినె పిల్లగాన్ని రెండుసార్లు ఆస్పత్రికి మోస్కపోయింది. నెత్తురు చూడకుంట ఎండకు పొమ్మని తోలిచ్చిన్రు. ఆస్పత్రి మేనేజరు ఆమెకు నా మీద, నాకు ఆమె మీద చెప్పి, పిల్లగాని తల మీద ఒట్టు పెట్టిచ్చుకున్నడు. మేం అడుగకుంట నమ్మినం."

అంతయ్య గోడ మీది నుంచి గొంతు సవరించుకున్నాడు. "మరి అనసూర్యా, నాలుగేండ్ల సంది కోడల్ని బోరింగు కాడ తిడ్తనే ఉంటివి గద?"

అతడు గుచ్చాలనే అడిగాడు. అనసూర్య వెనక్కి తిరిగి చూసింది. చంకలో పిల్లవాడితో, చేతిలో సంచితో కోడలు గడపలో నిలబడి ఉంది.

"తిట్టిన" అంది అనసూర్య. "అందరి ముంగట తిట్టిన. దాని పాలను తిట్టిన, అది కన్న కడుపును తిట్టిన. అది ఒక్క తప్పు చెయ్యలే. వకీలమ్మ ముంగట గది గూడ చెప్త."

భవ్యశ్రీ మెట్లు దిగి వచ్చింది. క్షమించానని అనలేదు. పిల్లవాణ్ని అత్త చేతుల్లో పెట్టింది. అనసూర్య ఎత్తుకోగానే వాడి తల వెనక్కి వాలిపోయింది. నాలుగేళ్లుగా వాణ్ని చూసి ఏడ్చిందే గానీ, ఎట్లా ఎత్తుకోవాలో ఆమె ఎన్నడూ నేర్చుకోలేదు.

"చెయ్యి గిట్ల కాదత్తమ్మా" అంది భవ్యశ్రీ, ఆమె వేళ్లను సర్ది పసివాడి మెడ కిందికి జరుపుతూ. "గిట్ల పట్టు. కరీంనగర్ దాంక ఇడువద్దు."