తడవని అగ్గిపెట్టె

"ఆ కడుపు నాది కాదు!"

ఆ మాట అని దల్సు గంజి గిన్నె పక్కకు నెట్టాడు. ఎదురుగా కూర్చున్న తల్లి చేతిలో చెంచా ఆగిపోయింది. భార్య ఒక్బున్ అప్పుడే చేపల పులుసు తెస్తోంది. ఆ గిన్నె ఎక్కడ పెట్టాలో ఆమెకు తోచలేదు... ఆడపిల్లలిద్దరూ పెరట్లో తడకల మీద సముద్రపు నాచు ఆరబెడుతున్నారు. వాళ్లు వినలేదు. అదొక్కటే మేలు.

"ఏం కూతరా అది? కోడలు మళ్లీ నీళ్లోసుకుందని నేను సంబరపడుతుంటే!" అంది ముసలమ్మ.

"నేను ఆపరేషన్ చేయించుకున్నానమ్మా. ఇంక పిల్లలు పుట్టరు నాకు."

ముసలమ్మకు ఆ మాట తలకెక్కడానికి కొంచెంసేపు పట్టింది.

చలికాలానికి ముందు దల్సు మాజీ సైనికులకు ప్రభుత్వం ఏటా పెట్టే శిక్షణకు వెళ్లాడు. అక్కడ జనాభా తగ్గించడానికి ఆపరేషన్‌కు ఒప్పుకున్నవాళ్లను శిక్షణ మాన్పించి ఇంటికి పంపేస్తారు. అతను ఒప్పుకున్నది అందుకే కాదు. ఒక్బున్‌కు లూపు పడలేదు, రక్తం ఆగేది కాదు. మాత్రలూ పడలేదు. వాంతులు, కళ్లు తిరగడం! నాచు కోస్తూ ఒకసారి పడవలోంచి నీళ్లలో పడబోయింది. "ఈసారి నేను చేయించుకుంటాలే" అన్నాడు. ఆ మాటకు ఆమె ఆనాడు ఎంత ఏడ్చింది! అంత మంచి మొగుడు ఎవరికుంటాడు అనుకుంది... మనవడి కోసం కాచుకున్న ముసలమ్మకు మాత్రం ఇద్దరూ చెప్పలేదు. తర్వాత అతను చేపల వేటకు పోయాడు. మధ్యలో ఇంటికొచ్చింది తక్కువే.

"నరం కోసేశారు. మరి ఆ కడుపెలా వచ్చింది? దాన్నే అడుగు. పుట్టింటికి పొమ్మను!" అని దల్సు అరుగు మీదికి వెళ్లిపోయాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి, దానికున్న రబ్బరు తొడుగు ఒలిచి, సిగరెట్ వెలిగించుకున్నాడు.

ఒక్బున్ ఏడవలేదు. మూట కట్టుకుంది. తను పోతే పిల్లలు తనతో రారు. ఆ ఊళ్లో పిల్లలు తండ్రి ఇంటివాళ్లు. పెద్దదానికి జడ ఎవరు వేస్తారు? చిన్నది నిద్రలో ఉలిక్కిపడితే ఎవరు దగ్గరకు తీసుకుంటారు? ఏ తప్పూ చేయకుండా కన్నబిడ్డల్ని వదులుకోవాలా! మూట ముడి బిగించింది కానీ, ఆమె కాళ్లు గడప దాటలేదు...

"అత్తయ్యా, నాకు ఆయన తప్ప..." అంది.

ముసలమ్మ కోడలి ముఖంలోకి చూసింది. తర్వాత అరుగు మీదికి వెళ్లి కొడుకు చెవి పట్టుకుంది.

"వంశం కోయించుకున్న సంగతి తర్వాత తేలుస్తా. తెల్లారిన దగ్గర్నుంచీ ఇది నా పక్కనే నాచు కడుగుతుంది. వీపు గోక్కునే తీరిక లేదు దానికి, రంకుకు తీరికెక్కడిదిరా? పద! కోసినవాళ్లనే అడుగుదాం!"

పట్నంలో ఆరోగ్య కేంద్రం బస్సు ఆగేచోటనే ఉంది. ఒక్బున్ మూట వదల్లేదు. లోపల నర్సు దల్సుకు పరీక్ష చేసింది. తర్వాత పిలిచి సూక్ష్మదర్శినిలో చూడమంది.

చూశాడు. ఏవో సన్నగా, తోకలాడిస్తూ కదులుతున్నాయి.

"అవేంటి?"

"మీవే" అంది నర్సు. "ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ కోసిన చోటు దాటి ముందే వచ్చేసినవి లోపల నిలవుంటాయి. అవి ఖాళీ కావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఇంటిపట్టున లేక భార్యతో తక్కువగా కలిసేవాళ్లకు ఇంకా ఎక్కువే. అప్పటిదాకా తొడుగు వాడాలి. పరీక్షలో ఏమీ లేవని తేలాకే మానాలి. శిబిరంలో చెప్పలేదా?"

"చెప్పారేమో... ఇంటికెళ్లే తొందరలో..."

"తొడుగులు ఇవ్వలేదా?"

దల్సు చెయ్యి జేబు మీదికి పోయింది. ఒక్బున్ అతని కోటు జేబులో చెయ్యి పెట్టి అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టింది. రబ్బరు తొడుగులో పొడిగా ఉంది.

"సముద్రం మీద తడిసిపోతుందని..." అన్నాడు.

"ఓరి సన్నాసీ!" అని ముసలమ్మ నెత్తి కొట్టుకుంది. "మోటారు కట్టేసినా గొట్టంలో నీళ్లు కారతాయని ఎరగవూ? రోజూ నాచు కడిగే ఇంట్లో పుట్టి!"

అప్పుడు ఏడ్చింది ఒక్బున్.

"అగ్గిపుల్లలు తడవకూడదని ఆలోచించారు... నా గురించి ఆలోచించలేదు!"

బయటికొచ్చేసరికి ఆమె పుట్టింటివైపు బస్సు వచ్చి ఆగింది. ఆమె మూట కింద పెట్టి టికెట్ కోసం డబ్బులు తీస్తోంది. ముసలమ్మ వెళ్లి ఆ మూట మీద కూర్చుంది.

"ఎక్కు. నేనూ వస్తా. ఆ ఇంట్లో వాడితో నేనుండలేను."

డ్రైవరు హారన్ కొట్టాడు.

"సూనిమ్ అమ్మా..." అన్నాడు దల్సు. పెద్దకూతురి పేరుతో పిలవడం అలవాటు. "తప్పయింది. ఇంటికి రా."

"కడుపు మీది కాదన్న మాట ఇంట్లోనే అన్నారా, రేవులో కూడానా?"

అతను తల దించుకున్నాడు. అంతకుముందే పడవ మీద తోటివాళ్లతో అనేశాడు.

"అక్కడా చెప్పండి."

బస్సు వెళ్లిపోయింది. ముగ్గురూ ఊరికి తిరిగొచ్చి నేరుగా రేవుకు నడిచారు. వలలు బాగు చేసుకుంటున్న మగవాళ్ల మధ్య దల్సు అగ్గిపెట్టె పైకెత్తి చూపించి ఉన్నదున్నట్టు చెప్పాడు. రేవంతా నవ్వింది. నవ్వనిచ్చాడు. ఆ సాయంత్రం చాలా ఇళ్లలో ఆడవాళ్లు మొగుళ్ల జేబులు వెతికారట.

తర్వాత పరీక్షకు ఎవరూ చెప్పకుండానే వెళ్లాడు. ఇంకా ఉన్నాయంటే మళ్లీ వెళ్లాడు. ఏమీ లేవని తేలాకే ఊరుకున్నాడు.

మూడోదీ ఆడపిల్లే. ముసలమ్మ పసిదాని ముఖంలోకి చాలాసేపు చూసింది. ఒక నిట్టూర్పు...

"ముక్కు వాడిదే. తిక్క రాకుంటే చాలు" అని ఒళ్లోకి తీసుకుంది.

బాలింతకు తాగించే నాచు పులుసు దల్సు తనే కాచి తెచ్చాడు. ఒక్బున్ ఒక గుటక తాగింది.

"ఉప్పు ఎక్కువైంది" అంది.

అతను గుమ్మం దగ్గర నిలబడిపోయాడు. ఆమె గిన్నె ఖాళీ చేసి చాపింది.

"ఇంకొంచెం పొయ్యండి."