మలుపు దగ్గర కేక

తామ్రగిరి రాజ్యానికీ నీలవాక రాజ్యానికీ కలిపి ఒకే ఒక్క ఏరు ఉండేది. దాని పేరు చిలుకేరు. కొండమీద ఒక యక్షుడు ఆ ఏటికి కాపలా ఉండేవాడు. నీళ్ళకోసం రెండు రాజ్యాలవాళ్ళూ కొట్టుకు చావడం చూసి అతను విసిగిపోయి, "ఏటేటా గుర్రప్పందెం పెట్టుకోండి. గెలిచినవాళ్ళ వైపు ఏరు పారుతుంది" అని తీర్పు చెప్పాడు. యక్షుల తీర్పులు అలాగే ఉంటాయి పిల్లలూ, వాళ్ళకు దాహం వెయ్యదు కదా!

తామ్రగిరి తరఫున శంప అనే అమ్మాయి పందెంలో దిగిన ప్రతిసారీ గెలిచింది. ఆమె గుర్రం పేరు తుమ్మెద. నల్లగా నిగనిగలాడుతూ, పరుగందుకుంటే ఝుమ్మని రొద చేసేది. తండ్రి పోతూ పోతూ శంపకు మిగిల్చింది ఆ గుర్రం ఒక్కటే. మలుపు వచ్చినప్పుడు ఆమె ఎంతగా పక్కకు ఒరిగేదంటే, మోకాలు నేలకు రాసుకునేది. అందుకని అశ్వశాల పెద్ద కేదారుడు ఆమె మోకాలికి దున్నతోలుతో పట్టీ కుట్టి ఇచ్చాడు. తండ్రి పోయాక ఆమెను పెంచింది ఆయనే. శంప ఆయనను బాబాయ్ అని పిలిచేది.

పందెంలో ఆఖరి మలుపు మహా ప్రమాదం. అవతల ఏముందో రౌతుకు కనపడదు. అందుకే ప్రతి రాజ్యం గురువూ అక్కడ బండమీద నిలబడి కేక వేస్తాడు. తామ్రగిరికి గురువు కేదారుడే. "వదులు" అంటే దారి బాగుంది, పగ్గం వదిలి దూసుకుపొమ్మని. "బిగించు" అంటే అపాయం ఉంది, ఆగమని. ఆ కేకను రౌతు మరో ఆలోచన లేకుండా పాటించాలి. ఆలోచించేటంత వ్యవధి అక్కడ ఉండదు.

ఆ ఏడు తామ్రగిరి యువరాజు జయసేనుడు కూడా పందెంలోకి దిగాడు. ఆఖరి మలుపు దగ్గర శంప అందరికన్నా ముందుంది.

"బిగించు!" అని కేదారుడు అరిచాడు.

శంప పగ్గం బిగపట్టింది. తీరా చూస్తే దారి శుభ్రంగా ఉంది. ఆ కేక తనకు కాదన్నట్టు, ఆమె పక్కనుంచి యువరాజు నవ్వుతూ ముందుకు దూసుకుపోయి, మలుపులో అదుపు తప్పి పొదల్లో పడ్డాడు. వెనక వస్తున్న నీలవాక రౌతు హాయిగా గెలిచాడు. ఏరు అటు మళ్ళిపోయింది.

"పగ్గం ఎందుకు బిగించావు?" అని రాజు శంపమీద మండిపడ్డాడు.

"బాబాయ్ కేక వేశాడు, ప్రభూ."

కళ్ళెం చేత పట్టుకుని అబద్ధం ఆడకూడదని తామ్రగిరిలో ఒక కట్టుబాటు. ఆడితే ఏమవుతుందో మాత్రం ఎవరికీ తెలియదు. రాజు కేదారుడి చేత తుమ్మెద కళ్ళెం పట్టించి, నిజం చెప్పమన్నాడు. యువరాజును గెలిపించి మెప్పు పొందుదామనుకున్న ఆ మనిషికి ఇప్పుడు తల తెగుతుందని భయం పట్టుకుంది. శంప వైపు చూడకుండా, "నేను వదలమనే అన్నాను, ప్రభూ" అన్నాడు.

ఆ మాట నోటినుంచి వచ్చీ రాగానే తుమ్మెద నిలుచున్నచోటే నల్లరాయి అయిపోయింది.

"చూశారా! తిన్నింటి వాసాలు లెక్కపెట్టింది. ద్రోహి ఎక్కిన గుర్రం రాయైపోయింది!" అని జనం శంపను పొలిమేర దాకా తరిమారు. ఆ తిట్లేవీ ఆమె చెవిన పడలేదు. బాబాయ్ తన వైపు చూడకపోవడమే ఆమె గుండెను కోసింది.

పొలిమేర దగ్గర నీలవాక రాణి చంపకవల్లి స్వయంగా ఎదురైంది. "మా పక్షాన గుర్రమెక్కు. నిన్ను కళ్ళలో పెట్టుకుని చూసుకుంటాం" అన్నది.

"నా గుర్రం రాయై పడి ఉందమ్మా. అది లేచేదాకా నేను ఏ మాటా చెప్పలేను."

"అయితే ఈ అడవి దాటు. అవతల గుట్టమీద ఒక యోగిని ఉంది, ఆమెకు ఉపాయం తెలిసి ఉంటుంది. నీ గుర్రం లేచాకే మాట్లాడుకుందాం" అన్నది రాణి.

అడవి మొదట్లో ఒక ఎలుగుబంటి దారికి అడ్డంగా పడుకుని ఉంది. "ఏ రాజ్యం పిల్లవే నువ్వు?" అని అడిగింది.

"ఇప్పటికి ఏదీ కాదు."

"ఓహో, గోడమీద పిల్లివన్నమాట! సరే, నా వీపెక్కు. వాగు దాకా పడకుండా కూర్చుంటే దాటిస్తాను. పడ్డావో, ఫలహారం చేస్తాను."

ఎలుగు చెట్టు చుట్టూ పుట్ట చుట్టూ గిరగిరా తిరిగింది. శంప అది ఎటు తిరిగితే అటు ఒరిగి, మోకాలు నేలకు రాసుకుంటూ అలాగే అంటిపెట్టుకుని కూర్చుంది. వాగు దాటాక ఎలుగు రొప్పుతూ, "నా బొచ్చు ఒక్క పోగైనా పీకలేదే! నిన్ను పోగొట్టుకున్నవాడెవడో వట్టి మూర్ఖుడు" అన్నది. ఆ మెచ్చుకోలుకు సంతోషించవలసింది పోయి, శంపకు ఏడుపు ముంచుకొచ్చింది.

వాగు అవతల ఒక రాక్షసుడు చేతులు చాచి నిలబడ్డాడు. "భయపడకు, నేను మనుషుల్ని తినను. తిట్లు తింటాను. నిన్ను మోసం చేసినవాణ్ణి నోరారా తిట్టు. నా కడుపు నిండితే దారి ఇస్తాను" అన్నాడు.

శంప మొదలుపెట్టింది. అబ్బో, అశ్వశాలలో పెరిగిన పిల్ల! ఆ తిట్లు ఇక్కడ రాశానంటే మీ అమ్మ ఈ పుస్తకాన్ని అటకెక్కిస్తుంది. రాక్షసుడు లొట్టలు వేసుకుంటూ తిని, బ్రేవుమని త్రేన్చి, "ఇంకొక్కటి!" అన్నాడు.

శంప నోరు తెరిచింది గాని తిట్టు రాలేదు. "ఎందుకిలా చేశావు బాబాయ్? అడిగితే నేనే దారి ఇచ్చేదాన్ని కదా!" అంటూ భోరుమంది.

ఆ మాట గొంతు దిగక రాక్షసుడు ఉక్కిరిబిక్కిరయ్యాడు. "ఇది తిట్టు కాదు తల్లీ, కటికచేదు! నా వల్ల కాదు. వెళ్ళు, వెళ్ళు!" అని పక్కకు తప్పుకున్నాడు.

గుట్టమీద యోగిని ఉసిరికాయలు ఎండబెట్టుకుంటూ ఉంది. శంప చెప్పిందంతా విని, "దీనికి మందూ లేదు, మంత్రమూ లేదు" అన్నది. "కళ్ళెం పట్టుకుని అబద్ధమాడినవాడే మళ్ళీ ఆ కళ్ళెం పట్టుకుని నిజం చెప్పాలి. రెండోసారి కూడా అబద్ధమాడితే వాడే రాయవుతాడు."

"ఆయన చెప్పడు అవ్వా."

"చెబుతాడో లేదో వాడిష్టం. అప్పగింత అడిగే హక్కు మాత్రం నీది."

నిజమే! రౌతు ఒక రాజ్యం విడిచి మరో రాజ్యానికి పోయేటప్పుడు, గురువు గుర్రం కళ్ళెం పట్టుకుని, ఎందుకు పోతున్నదో నలుగురి ముందూ చెప్పి సాగనంపాలి. రాజైనా కాదనకూడదు. శంప తామ్రగిరికి తిరిగివెళ్ళి అప్పగింత అడిగింది. పీడ విరగడవుతుందని రాజు ఒప్పుకున్నాడు.

కేదారుడు రాతి తుమ్మెద కళ్ళెం పట్టుకున్నాడు. "ఈ పిల్ల... మనకు ద్రోహం..." అంటూ ఉండగానే అతని వేళ్ళు నల్లరాళ్ళయ్యాయి. రాయి మణికట్టు దాకా పాకింది.

శంప చూస్తూ ఊరుకోవచ్చు. ఊరుకున్నా ఆమెను తప్పుపట్టేవాళ్ళు లేరు. కాని ఆమె ముందుకు ఉరికి, అరిగిపోయిన తోలుపట్టీ చూపించి, "బాబాయ్! దీన్ని ఆ చేత్తోనే కుట్టావు. ఆ చెయ్యి రాయి కాకూడదు. నిజం చెప్పెయ్!" అని అరిచింది.

కేదారుడు జనం వైపు తిరిగాడు. "బిగించమన్నది నేనే! యువరాజు గెలవాలని అన్నాను. ఈ బిడ్డ తప్పు ఆవగింజంత కూడా లేదు!" అని వెక్కివెక్కి ఏడ్చాడు.

అతని చెయ్యి మామూలు చెయ్యి అయింది. తుమ్మెద ఒళ్ళు విదిలించి సకిలించింది. శంప దాని మెడ పట్టుకుని చాలాసేపు వదలలేదు.

రాజు సిగ్గుపడి, "అశ్వశాల పెద్దరికం నీకే ఇస్తాను, ఉండిపో అమ్మా" అన్నాడు.

"బాబాయ్‌ని శిక్షించకండి, ప్రభూ. ఆయనను క్షమించాను. కాని ఇక ఆ మలుపు దగ్గర మీవాళ్ళ కేక వినపడితే, ఇది నిజమా కాదా అని ఆలోచిస్తాను. అక్కడ ఆలోచిస్తే పడిపోతాను" అన్నది శంప. తరువాత కేదారుడి వైపు తిరిగి, "పోయి రమ్మని చెప్పు బాబాయ్" అన్నది.

ఆయన కళ్ళెం ఆమె చేతికిచ్చి, "పోయిరా తల్లీ" అన్నాడు.

నీలవాక రాణికి శంప ఒకే షరతు పెట్టింది. తాను గెలిస్తే ఏరు రెండు పాయలై రెండు రాజ్యాలకూ పారాలి. రాణి మొహం ముడుచుకుంది గాని, చివరికి నవ్వి సరేనన్నది. గెలిచినవాళ్ళే పంచుకుంటామంటే యక్షుడూ అడ్డు చెప్పలేదు.

మరుసటి ఏడు ఎవరు గెలిచారంటారా? చిలుకేరు ఇప్పటికీ రెండు పాయలుగానే పారుతున్నది, మీరే ఊహించుకోండి. శంప నీలవాక అశ్వశాలకు పెద్ద అయింది, తనకు నచ్చినవాణ్ణి పెళ్ళి చేసుకుంది, సుఖంగా ఉంది. కాని ఆ పందెం సంగతి ఒక్కటి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

ఆఖరి మలుపు దగ్గర శంప అందరికన్నా ముందు వచ్చింది. నీలవాక గురువు నోరు తెరిచేలోగానే, ఎదుటి బండమీదినుంచి కేదారుడు గొంతు చించుకుని, "వదులు తల్లీ, వదులు!" అని అరిచాడు. అవతలి పక్షం రౌతుకు దారి చెప్పిన గురువు అంతకు ముందెన్నడూ లేడు. శంప ఆ కేక విన్నది. ఆమె కళ్ళు చెమర్చాయి కూడా. కాని పగ్గం అప్పటికే వదిలేసి ఉంది. ఆ ఉదయమే మలుపు అవతలి దాకా తానే నడిచివెళ్ళి, దారి చూసుకుని వచ్చింది.