గొంతు లేని ట్రాక్ మూడు

కోత పండుగనాడు మందిరంలో కోడిపుంజు ఎగిరిందంటే అది నిస్సీ తప్పు కాదు. కానీ మైకుసెట్టు దగ్గర కూర్చున్నది ఆ పిల్లే కాబట్టి తిట్లన్నీ ఆమెకే పడ్డాయి.

పటాన్‌చెరు చర్చిలో కోత పండుగంటే మాటలా! పొలం ఉన్నవాళ్ళు పండింది తెస్తారు, లేనివాళ్ళు అంగట్లో కొన్నది తెస్తారు. గుమ్మడికాయలు, వడ్లు, కాళ్ళు కట్టిన కోళ్ళు అన్నీ బలిపీఠం ముందు పెట్టి, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. ఆ రోజు హత్నూర నుంచి వచ్చిన ఒక ఎర్రపుంజు మీద నిస్సీ నాన్న ఏలీయా పొద్దున్నుంచీ కన్నేసి ఉన్నాడు.

వేలానికి ముందు పిల్లల పాట. పిల్లలు వరసగా నిలబడి నోళ్ళు తెరిచారు. పాటలు నేర్పే సుకుమారి ఆంటీ చెయ్యెత్తింది. నిస్సీ పెన్‌డ్రైవ్‌లో "ట్రాక్ 3" నొక్కింది.

ఇనుపరేకుల లారీ బోల్తాపడ్డట్టు స్పీకర్లు ఒక్కసారిగా దద్దరిల్లాయి. డ్రమ్ములు, వాటి మీద గిటార్లు, ఆ గిటార్ల అడుగున ఇంకేదో గర్జన. చిన్నపిల్లలు చెవులు మూసుకున్నారు, కొంచెం పెద్దవాళ్ళు ఎగరడం మొదలుపెట్టారు. ఎర్రపుంజు ఎట్లా తెంచుకుందో ఏమో, పాస్టరుగారి భుజం మీంచి కిటికీ దాటి ముంబై హైవే వైపు పోయింది.

"అయ్యో దేవా! ఆపు బిడ్డా, ఆపు! ఏందీ దయ్యాల మోత?" అని సుకుమారి ఆంటీ అరిచింది.

ఆ మోతకు బాధ్యుడు జెఫ్రీ. వారమంతా బేరింగుల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని, ఆదివారం చర్చిలో గిటార్. పిల్లలకు ట్రాకులు తయారుచేసి ఇచ్చేది కూడా అతనే. మందిరం వెనక అతన్ని పట్టుకుంది నిస్సీ.

"ఏం బ్రదర్, నా మీద పగేమన్న ఉన్నదా?"

జెఫ్రీ ముఖం మాడిపోయింది. పగ అన్నందుకు కాదు, బ్రదర్ అన్నందుకు. చర్చిలో మగవాళ్ళంతా బ్రదర్లు, ఆడవాళ్ళంతా సిస్టర్లు. జెఫ్రీ కూడా బడిపిల్ల నుంచి బోసినోటి అవ్వ దాకా అందరినీ సిస్టర్ అనే పిలుస్తాడు. ఒక్క నిస్సీని మాత్రం ఏమీ అనడు. పిలవాల్సి వస్తే దగ్గుతాడు.

ఇప్పుడూ దగ్గాడు. "సారీ. రెండు పెన్‌డ్రైవ్‌లు ఒక్క తీరుగ ఉన్నయ్. అది మా బ్యాండ్‌ది. హెవీ మెటల్ ఆల్బమ్ చేస్తున్నం. అవి డెమోలు. ఇంకా పాట లేదు, ఒట్టి మ్యూజిక్కే."

"పాడేటోళ్ళు ఏరి?"

"దొరకలే."

"దొరకరు. గా మోతల ఎవలు పాడుతరు? పిచ్చోళ్ళు పాడాలె."

"పెన్‌డ్రైవ్ ఇస్తవా?"

"ఇయ్య. నన్ను తిట్టించింది ఏందో మొత్తం ఇన్నంకనే ఇస్త."

"వద్దు, ఇనకు!" అన్నాడు జెఫ్రీ, గాబరాగా. వద్దంటే ఆగే పిల్లేనా ఆమె?

నిజానికి నిస్సీ మైకుసెట్టు దగ్గర కూర్చోవడానికి ఒక కారణం ఉంది. ఆమెకు పాటంటే ప్రాణం. కానీ గొంతు లోతు, బరువు. చిన్నప్పుడు స్టేజి మీద పాడితే "మగపిలగాడు పాడుతున్నడా?" అని నవ్వారు. ఇంట్లో నాన్న కూడా "జెర మెల్లగ పాడు బిడ్డా" అన్నాడు. చివరికి సుకుమారి ఆంటీ "నీ గొంతు అందరి గొంతులను మింగుతది బిడ్డా, నువ్వు మిషన్ కాడ కూసో" అని తేల్చేసింది. ట్రాకులన్నీ సన్నగొంతుల శ్రుతిలో ఉండేవి. అవి అందుకోబోతే ఆమె గొంతు చీలేది. ఇంక పాడటం మానేసింది. మానేసిందన్న మాటే గానీ, ఏ పాట విన్నా లోపల గొంతు కదులుతూనే ఉండేది పాపం.

మర్నాడు జిన్నారం దగ్గర మందుల కంపెనీకి పోయే బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంది. ల్యాబులో ఆమెతో పనిచేసే మహిత పక్కసీట్లో కునుకు తీస్తోంది.

మొదటి ట్రాకు చెవులకు చిల్లులు పొడిచింది. రెండోదానికి కాలు ఆడింది. మూడోది సగానికి వచ్చేసరికి మోత తగ్గి, గొంతు ఉండాల్సిన చోట ఒక్క గిటార్ మిగిలింది. పాడేవాళ్ళకు దారి చూపించడానికి వాయించినది. నిస్సీ తెలియకుండానే దాంతో కలిసి కూనిరాగం తీసింది.

గొంతు చీలలేదు. కింద ఎక్కడో ఆమె గొంతు హాయిగా కూర్చునే చోటే పాట కూర్చుంది.

"ఎవరే పాడింది? మస్తుంది," అంది మహిత కళ్ళు తెరవకుండానే.

"ఎవలు లేరు, నిద్రవో."

ఇంకోసారి విన్నది. అప్పుడు పట్టుకుంది. రెండేళ్ళ కింద ఈస్టరు నాడు తెల్లవారుజామున చర్చి ఆవరణలో కరెంటు పోయి ట్రాకు ఆగిపోయింది. అందరూ తడబడుతుంటే నిస్సీయే కీర్తన అందుకుంది, తన శ్రుతిలో. మూడో చరణంలో రాగం మరిచిపోయి, ఏదో ఒకటి అల్లుకుని గట్టెక్కింది. అది తప్పు. లోకంలో ఇంకెవరూ చేయని, నిస్సీ ఒక్కతే చేసిన తప్పు. ఆ తప్పు ఉన్నదున్నట్టు జెఫ్రీ గిటార్‌లో ఉంది!

ఆ వెంటనే కోపం వచ్చింది. మగగొంతు పిల్ల, అందులోనూ రాగం తప్పిన పాట, దాని చుట్టూ దయ్యాల మోత. ఫ్రెండ్సంతా చేరి నవ్వుకోవడానికి చేసి ఉంటారు. అందుకే కదా వినొద్దన్నాడు! కిటికీలోంచి పొగలు గక్కే ఫ్యాక్టరీ గొట్టాలను చూస్తూ కూర్చున్న నిస్సీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగకేం కాదు.

ఆదివారం మధ్యాహ్నం ముసురు పట్టింది. ఫ్యాక్టరీలకు సెలవు రోజు కాబట్టి మహేంద్ర మేనమామ లేత్ షెడ్డులో జెఫ్రీ బ్యాండు ప్రాక్టీసు. మహేంద్ర డ్రమ్ములు కొడతాడు. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడి ప్రభుత్వ కంపెనీ క్వార్టర్లలో స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది. పెన్‌డ్రైవ్ తిరిగిచ్చి కడిగేద్దామని వచ్చిన నిస్సీ గొడుగు మూసి, సగం దించిన షట్టర్ బయట ఆగింది. లోపల గొడవ జరుగుతోంది.

"బ్రో, ఇంత లో పిచ్‌లో నాకు రాదు. గిటార్ పైకి ట్యూన్ చెయ్యి, సింపుల్," అంటున్నాడు తెల్లాపూర్ నుంచి వచ్చిన రాకేష్. అందరూ మెచ్చుకునే మెటల్ గాయకుడు.

"శ్రుతి మార్చ," అన్నాడు జెఫ్రీ.

"ఏంట్రా నీ మొండితనం!" మహేంద్ర స్టిక్కులు విసిరేశాడు. "వచ్చే వారం స్టూడియో. గొంతు లేకపోతే ఆల్బమ్ లేదు. రెండేళ్ళ కష్టంరా! కాస్త పైకి లాగితే నీ సొమ్మేం పోతుంది?"

"పోతది. మార్చ."

రాకేష్ బ్యాగు భుజానికేసుకున్నాడు. "ఇది ఎవరికోసం చేశావో వాళ్ళనే పిలువు బ్రో. నా టైమ్ వేస్ట్." షట్టర్ కింద నుంచి వంగి బయటికి వచ్చి, నిస్సీని చూసి "ఎక్స్‌క్యూజ్ మీ" అని వానలో కారెక్కి పోయాడు.

నిస్సీ లోపలికి అడుగుపెట్టింది. జెఫ్రీ దగ్గబోయి ఆగిపోయాడు.

"తీస్కో నీ పెన్‌డ్రైవ్. మంచిగ నవ్వుకున్నరా అందరు?"

"ఎందుకు నవ్వుతం?"

"ఈస్టరు నాడు నేను తప్పు పాడిన. అది ఎత్తుకపోయి గిండ్ల పెట్టినవ్. మెటల్ పాటకు మగగొంతు గావాలె, ఎట్లాగూ నిస్సీ గొంతు గట్లనే ఉంటది. గంతే కదా?"

మహేంద్ర ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నాకు టీ తాగాలనుంది," అని పారిపోయాడు. తెలివైనవాడు.

షెడ్డు రేకుల మీద వాన. జెఫ్రీ గిటార్ కింద పెట్టాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"అది తప్పని నాకు తెల్వది. నాకైతే పాటల గదే మంచిగనిపించింది," అన్నాడు చివరికి. "గా పొద్దు ఇంటికి పోంగనే గిటార్ తీసిన. నీ గొంతు కాడికి వచ్చేదాక తీగలు దించిన. మామూలు తీగలు గంత దించితే ఒట్టిగ వదులైతయ్, పలకవు. లావు తీగలు ఏసిన. అయిన ఆగలే. పల్చటి మ్యూజిక్ నీ గొంతు కింద నిలవడ్తలేదు నిస్సీ. గందుకే డ్రమ్ములు పెంచిన, గిటార్లు పెంచిన. అట్ల పెంచుకుంట పోతే గిట్లయింది."

నిస్సీ గొడుగు పక్కన పెట్టింది. మోయలేని గొంతని అందరూ దాన్ని తగ్గించమన్నారు. వీడేమో దాన్ని మోయడానికి ఇంత మోత కట్టాడు.

"అన్ని పాటలు నా శ్రుతిలనేనా?"

"అన్ని."

"అడగొచ్చు కదా?"

"ఏమని అడగాలె? నువ్వు కనవడంగనే బ్రదర్ అంటవ్. నాకు నోరు మూతపడ్తది." వాడి చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వు పాడకపోయిన పర్వాలేదు. కానీ నీ గొంతు ఎక్కువైందని మాత్రం అనుకోకు. నాకు ఎంత ఇన్నా తక్కువే అయితది. నువ్వంటే ఇష్టం నాకు. శాన ఇష్టం."

నిస్సీ తల వంచుకుంది. ముక్కు తుడుచుకుంది. తర్వాత మైకు అందుకుని, "ట్రాక్ మూడు పెట్టు," అంది.

"బ్రదర్ అనవా?"

"పెట్టు జెఫ్రీ, జల్దీ."

డ్రమ్ములు మొదలయ్యాయి. మాటలు ఇంకా లేవు కాబట్టి ఆ ఈస్టరు చరణాన్నే అందుకుంది. మొదట మెల్లగా, అలవాటు కొద్దీ. గిటార్లు కింద చేరి ఎత్తి పట్టాయి. ఇంక మెల్లగా పాడాల్సిన పని లేదని గొంతుకే అర్థమైంది. విప్పేసింది. రేకులు అదిరాయి, వాన ఎక్కడో దూరానికి పోయింది. రాగం తప్పిన చోటికి వచ్చి, ఈసారి కావాలనే తప్పింది. జెఫ్రీ కళ్ళలో నీళ్ళు చూసి ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

పాట ఆగేసరికి షట్టర్ దగ్గర ఏలీయా ఉన్నాడు. గొడుగు ఆపలేని వానలో బిడ్డ చిక్కుకుందని వెతుక్కుంటూ, టీకొట్టు దగ్గర మహేంద్రను అడిగి వచ్చినవాడు, చేతిలో రెయిన్‌కోటు పట్టుకుని తానే తడిసి నిలబడ్డాడు. వెనక టీ గ్లాసుతో మహేంద్ర, నోరు తెరిచి.

"నాయినా..." అంది నిస్సీ, దొంగ దొరికినట్టు.

ఏలీయా షట్టర్ కింద నుంచి వంగి లోపలికి వచ్చాడు. "మెల్లగ పాడుమని నేనే అంటుంటి," అన్నాడు. "జనం నవ్వుతుంటే సూడలేక అన్న. పెద్ద తప్పు చేసిన బిడ్డా." ముఖం తుడుచుకుని జెఫ్రీ వైపు తిరిగాడు. "ఏం పిలగా, గీ మోత నువ్వు చేసిందేనా?"

"అవునంకుల్."

"మా ఫ్యాక్టరీల కంప్రెషర్ గిట్లనే మొత్తుకుంటది. ముప్పై ఏండ్లు దాని పక్కన నిలవడ్డ, అలవాటే. ఏం పేరు పాటకు?"

"ట్రాక్ మూడు, అంకుల్."

"అదేం పేరు? మంచి పేరు పెట్టు. పెట్టినంక మీ అమ్మనాయినను తోలుకొని మా ఇంటికి రా, మాట్లాడుకుందాం." రెయిన్‌కోటు బిడ్డ భుజాల మీద కప్పి, రెండడుగులు వేసి, మళ్ళీ ఆగాడు. "ఒట్టి చేతులతోని రాకు. నీ మోతకు ఉరికిన ఎర్రపుంజు నేను వేలంల పాడుకుందామనుకున్నది. అసొంటిదే తే."

నిస్సీ నవ్వింది. ఆ లోతుగొంతుతో, షెడ్డంతా నిండేటట్టు, గట్టిగా నవ్వింది. ఏలీయా వానలో నిలబడి, ఆ నవ్వు అయిపోయేదాకా విన్నాడు.