ఒక్క నిమిషం కదలకు

ఆ గదిలో ఎప్పుడూ స్పిరిట్ వాసనే. కూతురి ఛాతీని ఆమె దూదితో తుడిచి, గుండ్రటి స్టిక్కర్లు మూడు అతికించింది. ఒక్కోదానికీ ఒక వైరు. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒంట్లో పుట్టే పిసరంత కరెంటు ఆ వైర్ల వెంట పెట్టెలోకి వెళ్లి, స్పీకర్లో తీగ మీటినట్టు మంద్రంగా మోగుతుంది. ఆమె చేసే సంగీతం అదే. ఎల్లుండి కచేరీ. మొదటిసారి కూతురి గుండెతో.

ఎనిమిదేళ్ల పిల్ల చక్కిలిగిలికి మెలికలు తిరిగిపోతోంది. మేనకోడలి ముచ్చట చూడ్డానికొచ్చిన వదిన గోడ పక్క కుర్చీలోంచి నవ్వింది.

“మీ అమ్మకి మనుషులు మాట్లాడితే వినపడదే. గుండె కొట్టుకుంటేనే వినపడుతుంది.”

ఆమె కూడా నవ్వబోయింది. పెదాలు కదల్లేదు.

కిందటేడు ఇదే స్టూలు మీద అన్నయ్య కూర్చున్నాడు. నెరిసిన వెంట్రుకల మీద స్టిక్కర్లు అంటక, అరచేత్తో అదిమి పెట్టాల్సొచ్చింది. మూడు దెబ్బలు, తరవాత ఒక ఖాళీ. అలాంటి లయ ఆమె ఎన్నడూ వినలేదు. ఛాతీ పట్టేస్తోందే చెల్లీ అన్నాడు. ఒక్క నిమిషం కదలకన్నయ్యా, రికార్డింగు పాడవుతుంది అంది. ఒక నిమిషం కాదు, మూడయ్యాయి. అప్పుడు చేసింది అంబులెన్సుకి ఫోను.

గదిలోకి వస్తూనే కూలిపోయాడని వదినకి చెప్పింది. రికార్డింగు చెరిపేసింది. పోయేటప్పుడు నువ్వు పక్కనున్నావు, నాకదే చాలని వదిన ఆమెని వాటేసుకుని ఏడ్చిన రోజు నుంచి, ఆవిడ కళ్లలోకి సూటిగా చూసింది లేదు.

ఇప్పుడామె పెట్టె మీట నొక్కింది. పిల్ల గుండె చకచకా మోగింది. గది నిండిపోయింది. వదిన తల ఊపుతోంది.

కాసేపటికి తీగ మోత నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది...

ఒకటి. రెండు. మూడు. ఖాళీ.

పిల్ల మెలికలు ఆపేసింది. రెప్ప కూడా వేయడం లేదు.

“ఏమైందమ్మా?” అంది ఆమె కూతురితో.

“ఒక్క నిమిషం కదలకూడదట,” పెదాలు మెదపకుండా గుసగుసలాడింది పిల్ల. “మామయ్య చెప్పాడు.”

ఆమె స్టిక్కర్లు మూడూ పీకేసింది. పెట్టె ప్లగ్గు లాగేసింది. పిల్ల ఊపిరి పీల్చుకుని, ఏమీ ఎరగనట్టు ఛాతీ గోక్కుంది.

స్పీకర్లో తీగ మోత ఆగలేదు.

ఒకటి... రెండు... మూడు...

వదిన లేచి నిలబడింది. “ఇరవయ్యేళ్లు ఆ గుండె మీద తల పెట్టుకుని పడుకున్నాను. నాకు తెలీదా?” గొంతు చాలా మెల్లగా ఉంది. “ఎప్పుడు పట్టావిది?”

ఇప్పుడైనా చెప్పేయొచ్చు. మాట నాలిక చివరిదాకా వచ్చింది. పిల్ల చూస్తోంది. పిల్ల ముందు ఎలా చెప్పడం?

“పాతది వదినా. అన్నయ్య బాగున్నప్పటిది.”

ఖాళీ పెరిగింది. ఒకటి... ఇంకా పెద్ద ఖాళీ... రెండు...

“నీది తీయలేదుగా అమ్మా,” అంది పిల్ల.

ఆమె చెయ్యి జాకెట్టు అంచు కిందికి వెళ్లింది. ఎడమ పక్కటెముక దిగువన ఏదో గరుకుగా తగిలింది. గోరు దూర్చి లాగితే చర్మం మండింది.

జిగురెండి, పసుపు తిరిగిన పాత స్టిక్కరు. దానికి వైరు లేదు.

వదిన చెయ్యి చాపింది. ఆ అరచేతిలో పెట్టినప్పుడు ఆమె చూసింది, జిగురుకి రెండు తెల్ల వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.