పాతదే ఉంచమన్నాను

నేను స్పేర్ పార్టుల గోదాములో స్టోర్‌కీపర్ని. పద్దెనిమిదేళ్ళుగా నా పని ఒక్కటే, ఏ వస్తువైనా దాని అరలోనే ఉండేలా చూడటం. ఒకే రకం బోల్టు రెండు అరల్లో కనిపించిందంటే ఆ పూట నాకు అన్నం సయించదు. ఇంట్లోనూ అంతే. మా ఆవిడ బతికున్నప్పుడు, "మీరు నాకు కూడా చీటీ అంటించి అరలో పెట్టేసేలా ఉన్నారు" అని నవ్వేది. తను నర్సుగా చేసేది. పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు ఇంట్లో నేనూ, మా పదకొండేళ్ళ అమ్మాయీ. క్షణం నోరు మూయదు కాబట్టి దాన్ని పిచ్చుక అని పిలుస్తాను.

నా సర్దుడికి లొంగనిది పాటలొక్కటే. పాత కంప్యూటర్లో పదకొండు వేల పాటలు పోగేశాను. ఒక్కో పాట రెండేసి సార్లు, మూడేసి సార్లు ఉంది. ఆ కంప్యూటరేమో ఈ మధ్య గురక పెట్టడం మొదలెట్టింది. ఎప్పుడు ప్రాణం విడుస్తుందో తెలీదు. పాటలు పోతే పోయాయి, మళ్ళీ దొరుకుతాయి. కానీ అందులో 'ఆవిడ' అని ఒక ఫోల్డరు ఉంది. దాంట్లో ఒకే ఒక్క ఫైలు. పిచ్చుకకి తల దువ్వుతూ మా ఆవిడ తీసిన కూనిరాగం, రెండు నిమిషాల పన్నెండు సెకన్లు. తన గొంతు నాకు మిగిలింది అంతే. ఈ మూడేళ్ళలో దాన్ని ఒక్కసారి కూడా వినలేదు. వినే ధైర్యం లేదు. అలాగని అది పోతే నేను తట్టుకోలేను.

ఈ సంగతి తెలిసినవాడు మా బావమరిది. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు, కంప్యూటర్లు బాగుచేస్తాడు. శనివారం సాయంత్రం ఒక నల్లటి డబ్బా పట్టుకొచ్చాడు. నెట్‌వర్క్ డ్రైవ్ అట. అన్నం క్యారేజీ అంత ఉంది. హాల్లో గోడ అల్మారాలో, రౌటరు పక్కన పెట్టి వైర్లు తగిలించాడు.

"ఇందులోకి ఎక్కించావంటే ఇంట్లో ఏ గదిలోంచైనా వినొచ్చు బావా. కాపీ మాత్రమే చెయ్యి. పాతదాంట్లోవి పాతదాంట్లో ఉండనీ. ఒకేలాంటివి రెండు కనిపిస్తే అదే ఆగి అడుగుతుంది, ఏది ఉంచాలని. ఒక్కోటీ విని మరీ చెప్పు."

"గోదాము నడిపేవాడికి చెప్తున్నావుట్రా నువ్వు?"

"అందుకే కదా చెప్తున్నా," అని నవ్వి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నుంచీ ముసురు పట్టింది. మధ్యాహ్నం రెండింటికే లైట్లు వేసుకోవలసి వచ్చింది. భోజనం చేసి హాల్లో కంప్యూటరు ముందు కూర్చుంటే పిచ్చుక వచ్చి నా కుర్చీకి వేలాడింది.

"నాన్నా, నీకోసం పొద్దున్న ఒకటి పెట్టాను. అందులోనే ఉంది."

"ఏంటే అది?"

"చెప్పను. వింటే నీకే తెలుస్తుంది."

సరేలే అన్నాను. నా ధ్యాసంతా తెర మీదే ఉంది. అది దువ్వెన పట్టుకుని తన గదిలోకి పోయింది. కాసేపటికి లోపల్నుంచి ఏదో కూనిరాగం మొదలైంది. ఏ పాటో పోల్చుకోలేదు.

బావమరిది కాపీ చెయ్యమన్నాడా... కాపీ చేస్తే ప్రతి పాటా రెండుచోట్ల ఉంటుంది. నాకు ఒళ్ళు మండే పనే అది. అందుకని తరలించమని నొక్కాను. పాతదాంట్లోంచి తీసి, కొత్తదాంట్లో పెడుతుందన్నమాట. ఒక గోదాము ఖాళీ చేసి ఇంకో గోదాము నింపడం నాకు కొత్తేం కాదు.

పని మొదలైంది. అల్మారాలో డబ్బా చిన్నగా కరకరమంది. తెర మీద అంకెలు కదిలాయి. ఒకేలాంటివి కనిపించినప్పుడల్లా ఆగి అడిగింది. నేనూ బుద్ధిగా రెండూ విని, బాగున్నది ఉంచి, రెండోది చెరిపేయించాను. అలా నూట నలభై పాటలు విన్నాను. చెవులు వేడెక్కాయిగానీ మనసుకి హాయిగా ఉంది. మధ్యమధ్యలో లోపలి గదిలోంచి పిచ్చుక కూనిరాగం. బయట వాన.

నాలుగున్నర అవుతుండగా మళ్ళీ ఆగింది.

ఫోల్డరు పేరు, ఆవిడ. ఒకేలాంటివి రెండు. ఒకదాని తేదీ మూడేళ్ళ కిందటిది. ఇంకోదానిది ఈ రోజుదే, పొద్దున్న తొమ్మిదింటిది. నిడివి రెండింటిదీ రెండు నిమిషాల పన్నెండు సెకన్లు. నూటికి నూరు శాతం ఒకటే అని చూపించింది.

ఆ ఫోల్డర్లో నేనేదీ పెట్టలేదు. ముసలి కంప్యూటరు, మతిపోయి ఇంకోటి పుట్టించి ఉంటుందనుకున్నాను. తేడా తెలియాలంటే వినాలి. ఆ పూట మూడు వందల సార్లు నొక్కిన ప్లే గుర్తే, కానీ దానిమీద నా వేలు ఆడలేదు. వినలేను. ఆవిడది ఉంటే చాలు, ఇంకోటి నాకెందుకు?

పాతదే ఉంచమన్నాను. రెండోది శాశ్వతంగా చెరిపెయ్యమంటావా అని అడిగింది. అవునన్నాను.

లోపలి గదిలో కూనిరాగం ఆగిపోయింది.

రాగం మధ్యలో, ఊపిరి తీసుకునే చోటు కూడా కాదు... కత్తిరించినట్టు ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున్న పిచ్చుక అన్న మాట. నీకోసం ఒకటి పెట్టాను. అందులోనే ఉంది.

అయ్యో అనుకున్నాను. పసిది వాళ్ళమ్మ రాగం నేర్చుకుని, అదే నిడివికి పాడి, అమ్మ పక్కన పెట్టింది. నేను వినను కూడా వినకుండా చెరిపేశాను. ఏం మొహం పెట్టుకుని చెప్పను దానికి? మళ్ళీ పాడించుకుందాంలే అని లేవబోయాను.

కూనిరాగం మళ్ళీ మొదలైంది.

అదే రాగం. కానీ ఇందాకటికంటే నిదానంగా ఉంది. గొంతు కొంచెం కిందికి దిగింది. చివర్లో చిన్న జీర. ఆ జీర నాకు తెలుసు. రాత్రి డ్యూటీలు చేసి చేసి వచ్చిన జీర అది.

లేచినవాణ్ణి లేచినట్టే నిలబడిపోయాను. గదిలోకి వాసన వచ్చింది. ఆసుపత్రిలో చేతులు కడుక్కునే సబ్బు వాసన. మూడేళ్ళుగా ఈ ఇంట్లో లేని వాసన.

తలుపు తీసుకుని పిచ్చుక బయటికొచ్చింది. అదే నీలం గౌను. అవే బక్క కాళ్ళు. జడ మాత్రం వేరుగా ఉంది. దానికి జడ వేసుకోవడం రాదు. ఇప్పుడు నున్నగా, బిగించి, వెనక్కి మడిచి కట్టి ఉంది. డ్యూటీకి వెళ్ళేవాళ్ళు కట్టుకునేలా.

నా వంక చూసి మెల్లగా అంది.

"ఏమండీ... ఎంత చిక్కిపోయారండీ!"

తను వంటింట్లోకి నడిచింది. నేనూ వెనకే వెళ్ళాను. పైఅరలో ఉప్పు డబ్బా వెనక చెయ్యి పెట్టింది. ఓ పట్టాన అందని ఎత్తు అది, పిల్లకి. మునివేళ్ళ మీద లేచి తీసింది. బీరువా తాళంచెవి. మా ఆవిడ పోయినప్పట్నుంచీ నేను ఇల్లంతా తిరగేసి వెతికిన తాళంచెవి.

"ఇక్కడే పెట్టాను కదండీ," అంది.

సంతోషం కలిగింది. ఎందుకు దాచాలి, ఒక్క క్షణం నిజంగానే సంతోషం కలిగింది. ఆ వెంటనే తట్టింది. ఆవిడ వచ్చిందంటే... మరి నా బిడ్డ ఏది?

కాలుగాలిన పిల్లిలా హాల్లోకి పరిగెత్తి బావమరిదికి ఫోన్ చేశాను.

"ఒరేయ్... చెరిపేసింది మళ్ళీ తెచ్చుకోవచ్చా?" గుసగుసగా అడిగాను.

"ఏమైంది బావా? ఆ డబ్బాలో చెరిపినవి దాచే చెత్తబుట్ట ఉండదు. పోతే పోయినట్టే. పాతదాంట్లో ఉంది కదా?"

"లేదు. తరలించాను."

వాడు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఇంకా ఎక్కుతూనే ఉన్నాయా? అయితే ముందు ఆపెయ్. కొత్తవి దానిమీద పడేకొద్దీ పోయినది పూర్తిగా పోతుంది. ప్లగ్గు పీకెయ్ బావా, నేనొస్తున్నా. ఇంతకీ ఏం పోయింది?"

చెప్పేలోపు నా చేతిలోంచి ఫోన్ జారింది. చిన్న చెయ్యి దాన్ని తీసుకుంది.

"ఒరేయ్, ఈ వానలో బండి మీద రాకు. నీకు జలుబు చేస్తే ఓ పట్టాన తగ్గదు."

ఫోన్ మళ్ళీ నా చేతిలో పెట్టింది.

"బావా..."

"ఊఁ."

"అక్క... అక్క మాట్లాడిందేంటి బావా?"

లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

అల్మారా దగ్గరికి వెళ్ళాను. తెర మీద ఎనభై ఒక్క శాతం. డబ్బా, ఇక ఆగి అడగడం కూడా మానేసి, కరకరమంటూనే ఉంది. ఒక్కో పాటా వచ్చి పడుతోంది. నేను ముచ్చటపడి పోగేసిన పాటలు. ఒక్కోటీ నా పిల్ల మీద పడుతోంది. వంగి ప్లగ్గు పట్టుకున్నాను.

"పీకకండి."

నా వెనకే ఉంది. గొంతులో కోపం లేదు. భయం ఉంది.

"ఇంకా సగంలోనే ఉన్నానండీ... ఇప్పుడు పీకితే నేనెక్కడికి పోతాను?"

నా మణికట్టు పట్టుకుంది. పదకొండేళ్ళ పిల్ల వేళ్ళు. కానీ పట్టుకున్నది నాడి చూసే చోట. గోడ గడియారం వంక చూస్తూ పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. మా ఆవిడ సరిగ్గా అలాగే పట్టుకునేది, నాకు కంగారు పుట్టినప్పుడల్లా.

"నూట ముప్పై," అంది. "పడుకోండి కాసేపు."

ఎనభై ఆరు.

ప్లగ్గు పీకితే ఈమె పోతుంది. మూడేళ్ళ కిందట ఆసుపత్రి వరండాలో నిలబడి ఏది ఆపలేకపోయానో, అది ఇప్పుడు నా చేత్తో నేనే చెయ్యాలి. పీకకపోతే పిల్ల పోతుంది. పిల్లకోసం పీకాలి. తండ్రిగా ఇందులో ఆలోచించడానికేముంది? పీకమని నా చేతికి చెప్పాను. పీకు. పీకరా...

చెయ్యి కదల్లేదు.

తొంభై. తొంభై మూడు.

ఏడ్చాను. బతిమాలాను. ఎవరినో తెలీదు. ఆమె నా తల నిమురుతూ కూనిరాగం తీసింది. మూడేళ్ళుగా నేను వినడానికి భయపడ్డ రాగం. చెవులు మూసుకుందామంటే ఒక చెయ్యి ప్లగ్గు మీదే ఉండిపోయింది, ఇంకోటి ఆమె చేతిలో ఉంది. మొత్తం విన్నాను. రెండు నిమిషాల పన్నెండు సెకన్లు.

వంద.

డబ్బా కరకర ఆగింది. పాత కంప్యూటరు ఒక్కసారి గురక పెట్టి ఆరిపోయింది.

ఆమె నా చెయ్యి వదిలేసింది. "ఇక ఫరవాలేదు," అంది. పిచ్చుక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. వాన తగ్గలేదు. బావమరిది రాలేదు. చివరికి నా ఫోన్లోంచి ఆ డ్రైవ్ తెరిచాను. పాటలన్నీ పొందిగ్గా, వరసగా, ఒక్కోటీ ఒక్కసారే ఉన్నాయి. 'ఆవిడ' ఫోల్డరు తెరిచాను.

రెండు ఫైళ్ళున్నాయి.

ఒకటి పాతది. రెండోదానికి పేరు లేదు. నిడివి నలభై ఏడు నిమిషాలు. చూస్తుండగానే... నలభై ఏడు నిమిషాల ఒక సెకను. రెండు సెకన్లు. మూడు.

ఈసారి వినాలి. ఫోన్ చెవికి ఆనించుకుని నొక్కాను.

ముందు చీకటి లాంటి నిశ్శబ్దం. తరవాత దువ్వెన కింద పడ్డ చప్పుడు. తరవాత, ఎక్కడో దూరంగా...

"నాన్నా... ఇక్కడ అద్దం లేదు. లైటు లేదు. నాన్నా, తలుపు తియ్యవా?"

నా పిచ్చుక.

చిన్న గుప్పిటతో తలుపు కొడుతోంది. ఏడుస్తోంది. ఎన్నిసార్లు పిలిచిందో. నేను అల్మారాకి మొహం ఆనించి, వస్తున్నానని చెప్పడానికి నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. మాట రావట్లేదు. ఎంత గింజుకున్నా మాట రావట్లేదు.

ఫోన్లో అడుగుల చప్పుడు. చెప్పులీడ్చుకుంటూ ఎవరో నడిచి వస్తున్నారు. ఒకసారి దగ్గారు. ఆ దగ్గు నాదే.

"వస్తున్నానమ్మా," అంది నా గొంతు, నాలోంచి తీసి అక్కడ పెట్టినట్టు.

అవతల పిచ్చుక ఏడుపు మానేసింది. గొళ్ళెం తీసిన చప్పుడైంది.

నిడివి అక్కడితో ఆగిపోయింది.