పందికి జడవని గుర్రం

గవర్నర్‌పేట జట్కాల స్టాండు వెనక, రేకుల షెడ్డులో ఆ మధ్యాహ్నం మూడు గుర్రాలు ఒకే కొయ్యకు కట్టేసి ఉన్నాయి. అది డెబ్బై నాలుగో సంవత్సరం. ఆటోలు వచ్చి జట్కావాళ్ల నోట్లో మట్టి కొట్టాయి. గుర్రాలు అమ్మకానికొచ్చాయి.

మాకు గుర్రం దేనికంటారా? పందుల వేటకి. లాఠీదెబ్బలకు ఓర్చి, జైలుకూడు తిని సాధించుకున్న లంకభూమి మాది. వేసిన వేరుశనగంతా రెండేళ్లుగా అడవిపందుల పాలు. ఈ పంటా పోతే మా చెల్లెలు మాణిక్యమ్మ మళ్లీ కామందు గుమ్మంలో నిలబడాల్సిందే. దాని మొగుడు బసవయ్య ఒకప్పుడు జట్కా తోలినవాడు. రెల్లుదుబ్బుల్లో పందిని కాలినడకన తరమలేం, గుర్రమెక్కి బల్లెంతో పొడవాలన్నాడు.

వేటగుర్రాన్ని ఎంచే పద్ధతి వాళ్ల తాత నేర్పాడట. ఆయన జమీందారు గుర్రాల్ని సాకినవాడు. పచ్చి పందితోలు ముక్కు ముందు పెట్టాలి. బెదరనిదే పనికొస్తుంది.

బసవయ్య గోనెసంచి విప్పి తోలు తీశాడు. అటూ ఇటూ ఉన్న రెండు గుర్రాలు గుడ్లు మిటకరించి, పలుపులు తెంచుకున్నంత పని చేశాయి. మధ్యలో ఉన్న నల్లది కదల్లేదు. చెవి కూడా ఆడించలేదు.

"ఇదే బావా!"

"తొందరపడకు. దానికసలు వాసన తెలుస్తోందా?"

"పోలీసుల్ని చూసీ చూసీ నీకు గుర్రాల మీద కూడా నమ్మకం పోయింది" అని నవ్వాడు.

అమ్మేవాడు కాశీరావు. "ఇంతకుముందు ఎవరిదయ్యా ఇది?" అనడిగాను.

"మంచి గుర్రమండీ. తీసుకెళ్లండి."

"నేనడిగిందేంటి, నువ్వు చెప్పేదేంటి?"

"వెనక్కి మాత్రం తేవద్దండీ" అన్నాడు, గుర్రం వైపు చూడకుండా.

నాకు ఒళ్లు మండింది. అయినా డబ్బు వాడి చేతిలో పెట్టాను. చెల్లెలి పంట కళ్లముందు మెదిలింది మరి.

మర్నాడు పొద్దు కుంకుతుండగా బసవయ్య బల్లెం పట్టుకుని రెల్లులోకి గుర్రాన్ని తోలాడు. నేనూ, పక్క చేను శౌరయ్యా గట్టుమీద కాపు కాశాం. ఏటి నుంచి కుళ్లిన నాచు వాసన. దూరంగా పందుల గురగుర. కాసేపటికి అదీ ఆగిపోయింది. కప్పలు కూడా నోరు మూశాయి.

రెల్లు చీలింది. కోరల మగపంది ఒకటి సూటిగా మా మీదికొచ్చింది. బల్లేలెత్తాం. అది పొడవలేదు. మా కాళ్ల వెనక్కి చేరి నక్కింది. వణుకుతోంది. వెనకే ఇంకోటి... పిల్లలు... మంద మొత్తం.

"అన్నా..." శౌరయ్య నా భుజం పట్టుకున్నాడు. "ఇవి మన దగ్గర దాక్కుంటున్నాయి..."

అప్పుడు తట్టింది నాకు. షెడ్డులో ఆ రెండు గుర్రాలూ గోనెసంచి విప్పకముందే పలుపులు లాగుతున్నాయి. అవి బెదిరింది తోలుకి కాదు, మధ్యలో ఉన్న నల్లదానికి. మూడింటినీ విడదీసి చూడాల్సింది. చూడలేదు.

"బసవయ్యా! దిగిపోరా!"

రెల్లులోంచి చిన్న గొంతు. "బావా... దిగలేకపోతున్నా..."

డెక్కల చప్పుడు లేదు. కొమ్మ విరిగిన చప్పుడు లేదు. అంతే...

లాంతర్లు పట్టుకుని లంకంతా గాలించాం. తెల్లారాక అతనే నడిచొచ్చాడు. మెడ దాకా బురద. గుర్రం లేదు. ఎంత అడిగినా మమ్మల్ని దాటుకుని ఇంటివైపు నడిచిపోయాడు.

పందులు మళ్లీ మా లంకలో అడుగుపెట్టలేదు. వేరుశనగ విరగపండింది. జనం బసవయ్యని మెచ్చుకున్నారు. నేను మాత్రం అతన్ని గమనిస్తూనే ఉన్నాను.

పంట ఇల్లు చేరిన వారంలో మాణిక్యమ్మ పొద్దున్నే వచ్చింది.

"అన్నయ్యా, ఆయన మంచమెక్కడం లేదు."

"మరెక్కడ పడుకుంటున్నాడే?"

అటూ ఇటూ చూసి గుసగుసగా అంది, "పడుకోవడమే లేదు."

వెళ్లి చూశాను. దొడ్లో గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. తల వాలింది. ఒక కాలు సడలించి, మునివేళ్లు మాత్రం నేలకి ఆనించి... గాఢనిద్రలో ఉన్నాడు.

పేరు పెట్టి పిలవబోయి ఆగాను. ఇలా నిలబడి నిద్రపోవడం జట్కాల స్టాండులోనే చూశాను.